నీళ్ళకు పోయే ఇంకు

ప్రింటరులో ఇంకు అయిపోయిందంటే త్యాగరాజుకు పండగే. తిరువొత్తియూరులో మేడ మీది ఇంట్లో పాత పేపరు పరిచేవాడు. మందుల షాపులో కొన్న సిరంజీలు పక్కన పెట్టుకుని, కార్ట్రిడ్జి మీది స్టిక్కరును గోటితో లేపి, చిల్లులో సూది దించి బొట్టుబొట్టుగా ఇంకు ఎక్కించేవాడు. ఎదురుగా ఎవరైనా కూర్చుని చూస్తే ఇక చెప్పక్కర్లేదు, ఉపన్యాసమే. "కొత్తది కొనేవాడికి బుద్ధి లేదు" అనేవాడు. "ఆ రంగుల చేత్తో అన్నం కలపతాడు, నాకు ముద్ద దిగదు" అని భార్య చూడామణి తల పట్టుకునేది. ఆయన వింటేనా?

ఆ సంబరమే చివరికి ఒకరి కొంప ముంచింది.

కింది వాటాలో ఆంటో, లూర్దుమేరి అద్దెకుండేవాళ్ళు. ఆంటో మనలి ఫ్యాక్టరీల్లో లోడింగు పని చేసేవాడు. తెల్లారకముందే పోయి పొద్దుపోయాక వచ్చే మనిషి. ఒకరోజు పనిలోనే ప్రాణం పోయింది. అప్పటికి బిడ్డ విజి ఇంకా చంకలోనే ఉంది. వాళ్ళ పెళ్ళి ఆల్బం అంతకుముందు వరదలోనే నాని ముద్దయిపోయింది. మిగిలిందల్లా లూర్దుమేరి పాత ఫోనులో ఆంటోది ఒకే ఒక్క ఫోటో. దాన్ని పటం కట్టించాలని ఆమె స్టూడియోకు బయలుదేరితే, మెట్ల దగ్గర త్యాగరాజు ఎదురయ్యాడు.

"ఈ తూరి నీళ్ళు తగిలినా పోకుండా వేయించాలన్నా. అట్టా వేసి ఇస్తారంట ఆడ."

"మనింట్లో మిషను పెట్టుకుని స్టూడియోకి పోతావా? ఇట్టా తే ఆ ఫోను."

"నీళ్ళకి పోదు గదా అన్నా?"

"నేను వేస్తే పోతుందా? ఏం మాటలమ్మా ఇవి!"

పోతుందని ఆయనకు తెలుసు. టేబులు మీద ఒలికిన ఇంకును తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే మరక కూడా మిగిలేది కాదు. నీళ్ళకు చెదరని ఇంకు వేరే ఉంటుందనీ తెలుసు. కానీ ఎవడో స్టూడియోవాడు తనకంటే బాగా వేస్తాడంటే మనసొప్పొద్దూ? మాట నోరు జారింది, జారాక వెనక్కి తీసుకునే రకం కాదాయన.

ఆ మధ్యాహ్నమంతా ప్రింటరు ముందే కూర్చున్నాడు. మొదటి కాపీలో మొహం పాకుడు పట్టినట్టు పచ్చగా వచ్చింది. ఎర్ర ఇంకు తగ్గిందని మళ్ళీ సూది పట్టాడు. తర్వాత చెంపలు మరీ ఎర్రబడ్డాయి. సరిచేశాడు. ఎట్టకేలకు మెరిసే కాగితం మీద సరైన ఫోటో బయటికొస్తే లూర్దుమేరి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది. ఆయన వీధిలో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాడు. పనైపోయింది కదా అని కంప్యూటరులోంచి ఫోటో తీసేశాడు. ఆ తర్వాత ఆమె ఫోను కూడా పాడై మూలపడింది.

ఏళ్ళు గడిచాయి. ఆ పటాన్ని చూస్తూనే విజి పెరిగింది. పరీక్షకు పోయే ముందు దానికి చెప్పి పోయేది. ఆ పిల్లకు నాన్నంటే ఆ పటమే.

మొన్న డిసెంబరు వానలకు కింది వాటాలోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి. తల్లీబిడ్డా పైకి వచ్చి చూడామణి దగ్గర పడుకున్నారు. నీళ్ళు తీశాక దిగి చూస్తే, నానిన గోడ నుంచి పటం మేకుతో సహా ఊడి నీళ్ళలో పడి ఉంది. లూర్దుమేరి దాన్ని పైకి తెచ్చింది. చొక్కా నీలం కొంచెం మిగిలింది. మొహం ఉండాల్సిన చోట ఊదా మరక ఒకటి అద్దానికి అతుక్కుని ఉంది.

"పరవాలేదన్నా, మీ కంప్యూటరులో ఉంటాది గదా. ఇంకొకటి వేసి ఇయ్యండి" అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. లేదని తెలిసి కూడా త్యాగరాజు కంప్యూటరు ముందు కూర్చుని చాలాసేపు వెతికాడు. చూడామణి కాఫీ తెచ్చి పెడితే అది చల్లారిపోయింది. ఇక వెతకడానికి ఏమీ మిగల్లేదు.

"లేదు మేరీ. ఆరోజే తీసేసినాను" అన్నాడు. "నీళ్ళకి పోతుందని కూడా నాకు తెలుసు. తెలిసే పోదని చెప్పినాను."

లూర్దుమేరి, "ఒక్క మాట చెప్పుంటే స్టూడియోకి పోయుంటాను గదన్నా" అని, పటం తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. ఎంత చేశాను, ఎంత పని చేశాను అని తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం విజి ఒక్కతే పైకి వచ్చింది. చేతిలో డ్రాయింగు కాగితం, పెన్సిలు ఉన్నాయి.

"మామా, ఆధార్ కార్డులో ఫోటో ఉండాది కానీ, అది నాన్న మాదిరే లేదు. అమ్మని అడిగితే ఏడస్తా ఉంది. నువ్వు ఆ ఫోటోని మధ్యాహ్నమంతా చూసినావంట గదా? నాన్న ఎట్టా ఉంటాడో చెప్పు, నేను గీస్తాను."

త్యాగరాజు కళ్ళు మూసుకున్నాడు. ఎర్ర ఇంకు తగ్గింది, గుర్తుంది. చెంపల రంగు ఎక్కువైంది, గుర్తుంది. ఎన్నిసార్లు సూది పట్టాడో కూడా గుర్తుంది. ఆంటో ముక్కు ఎలా ఉంటుంది? నవ్వితే పళ్ళు కనిపించేవా? మీసం సన్నమా, గుబురా? ఆ మధ్యాహ్నమంతా తాను చూసింది రంగుల్నే గానీ మనిషిని కాదని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

విజి పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"చొక్కా నీలంరంగు తల్లీ" అన్నాడు.

"అది నాకూ తెలుసు మామా. మొహం చెప్పు."