పాదాలకు వేరే గ్రాంటు

మా ఊరికి యూనివర్సిటీ వాళ్లు రావడం మొదలయ్యాక ఈగలు ఎక్కువయ్యాయని మా బావ కితియోనె అంటుంటాడు. ఆయనకు ప్రతిదీ వెటకారమే. ఈ మాట మాత్రం నాకు వెటకారంగా తోచదు. ఈగ ఎక్కడ వాలుతుంది? పుండున్న చోట వాలుతుంది. మా దీవిలోని ఈ సింగటోకా లోయలో పుండ్లకు కొదవ లేదు. షుగర్ లేని ఇల్లు లేదు. చర్చిలో ఏ వరస చూసినా కాలో వేలో పోగొట్టుకున్న మనిషి ఒకరుంటారు.

ఈసారి వచ్చినవాళ్లది మూడు శాఖలు కలిసి చేసే పరిశోధన అన్నారు. వైద్యం శాఖ రక్తం చూస్తుంది. ఆహారం శాఖ సీమపనస పిండితో తాము కనిపెట్టిన బిస్కట్టు తినిపిస్తుంది. చదువుల శాఖ మా పిల్లలకు బళ్లో పాఠం చెప్పి, ఆ పాఠాన్ని ఇంటికెళ్లి తల్లులకు చెప్పమంటుంది. నిన్నటిదాకా ముక్కు చీదుకోవడం రాని పిల్లలు కంచం బొమ్మలు పట్టుకొచ్చి, "అమ్మా, నీ కంచంలో కర్రపెండలం ఎక్కువైంది" అని వేలు చూపించడం మొదలుపెట్టారు. అది చూసి ఆస్ట్రేలియా ప్రొఫెసరమ్మ బ్రిడ్జెట్ హాల్ మురిసిపోయింది. ఆమె పక్కన రాజధాని సువాలో పాఠాలు చెప్పే మావాడొకడు, డాక్టర్ అపిసలోమె. మందిచ్చే డాక్టరు కాదు, చదువుకున్న డాక్టరు. మా భాషే మాట్లాడతాడు, మాలాగే నడుముకు సులు గుడ్డ కట్టుకుంటాడు. నాకు ఆ ప్రొఫెసరమ్మ మీదకన్నా వీడి మీదే ఎక్కువ ఒళ్లు మండేది.

వాళ్లు మేం దంచి నీళ్లలో పిసికి తాగే కావా వేళ్ల కట్ట తెచ్చి సావిట్లో పెద్దల ముందు పెట్టారు. చప్పట్లు చరిచి, కొబ్బరి చిప్ప ఎత్తి గటగటా తాగారు. మర్యాదకేం లోటు చెయ్యలేదు. మా దగ్గర మర్యాదగా అడిగితే ఏదైనా దొరుకుతుంది, రక్తం కూడా.

బిస్కట్టు రుచి తడిసిన అట్టపెట్టెలా ఉంది. కానీ అతిథి పెట్టింది బాగాలేదనడం మా వాళ్లకు చేతకాదు. ఎలా ఉందని అడిగితే ఊరు ఊరంతా "వినాక, వినాక, చాలా బాగుంది" అంది. ప్రొఫెసరమ్మ అదే నిజమని రాసుకుంది. వాళ్ల కారు మలుపు తిరగ్గానే బిస్కట్లు పందుల దొడ్లోకి పోయేవి.

"మన పందులకి షుగర్ తగ్గిపోయుంటుంది బామ్మర్దీ," అన్నాడు బావ. "ఈసారి వాటి రక్తం తియ్యమను."

ఊళ్లో ఒక్క మనిషి మాత్రం ఆ బిస్కట్లు నిజంగా తింది. మా అక్క వసెమాదా. పొద్దున్నే టీలో ముంచుకుని, కళ్లు మూసుకుని, మందు మింగినట్టు మింగేది. దానికి కారణం ఉంది. తల్లులందరూ చివరిదాకా నిలబడితే బడికి నీళ్ల ట్యాంకు కట్టిస్తామన్నారు. అక్క కూతురు మేరెవానిని పిల్లల్లోకెల్లా మంచి గురువని మెచ్చుకుని అందరి ముందు నిలబెట్టారు. అలాంటి పిల్ల తల్లి మధ్యలో తప్పుకుంటే ఎంత నామర్దా!

తప్పుకోవడానికి ఒకే ఒక్క దారి పెట్టారు. ఒంటి మీద పుండున్నవాళ్లు పనికిరారు. పుండుంటే రక్తంలో చక్కెర దానంతటదే పెరుగుతుందట, బిస్కట్టు పనితనం తేలదట. షుగర్ మనుషుల కోసమే వచ్చి, షుగర్ ముదిరినవాళ్లను బయటికి పొమ్మన్నారు. ఆరో క్లాసుతో బడి మానేసిన వాణ్ణి, ఈ తెలివి నా బుర్రకెక్కలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అందరం చాపల మీద భోజనాలకు కూర్చున్నాం. అక్క చామాకు కూర గిన్నె పట్టుకుని ఆడవాళ్ల వైపు వెళ్లింది. నా వెనకగా నడిచిందంతే. కొబ్బరినూనె, పూల అత్తరు గుప్పుమన్నాయి. వాటి అడుగున ఇంకో వాసన ఉంది. నేను టూరిస్టుల హోటల్ వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. తొట్టి కింద ఎలక చచ్చి, ఎవరూ చూసుకోకపోతే వచ్చే వాసన నాకు తెలుసు. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకున్న అక్కే. కానీ మాలో తోడబుట్టిన ఆడా మగా పెద్దయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకుంటారు. ఇది పగ కాదు, అంతకుమించిన గౌరవం లేదు. చెప్పాల్సిందేదైనా బావ నోటితోనే చెప్పించాలి. బావతో మాత్రం ఎంత బూతైనా మాట్లాడొచ్చు.

కాబట్టి బావనే పక్కకు లాగాను. "ఒరే ముసలి పీతా, నీ పెళ్లాం కాలు కుళ్లిపోతోంది. నీకు ముక్కు లేదా?"

"నీది టూరిస్టుల ముక్కురా. అన్నీ కంపే నీకు," అని నవ్వబోయి ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "చూడనివ్వట్లేదురా. అడిగితే మేకు గీరుకుంది, మానిపోతోంది అంటది. గుడ్డ కట్టుకునే పడుకుంటది. మొన్న పొద్దున కుక్క ఆ గుడ్డని నాకుతోంది. అదిలించి తరిమాను. ఏడుపొచ్చిందిరా నాకు."

"మరి ఆస్పత్రికి లాక్కుపో!"

"లాగి చూడు నువ్వు. ఆఖరి రక్తం చూసేదాకా ఊరు కదలదట. ట్యాంకు, ట్యాంకు, ట్యాంకు! అది తప్ప ఇంకో మాట లేదు ఆ నోట."

ఆఖరి రక్తం చూసే రోజు సావిడి పెళ్లిపందిరిలా ఉంది. గోడకు బ్యానరు కట్టారు, కెమెరా పెట్టారు. ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. నర్సు ఒక్కొక్కరి వేలు పొడిచి చుక్క తీసుకుంటోంది. అక్క చివర్న కూర్చుంది. పాదం సులు కిందకు లాక్కుంది, దాని మీద విసనకర్ర పెట్టుకుంది. విసనకర్ర మీద ఈగలు. నర్సు ఆమె వేలు చూసింది గానీ కాలు చూడలేదు. పక్కన కూర్చున్న ఆడవాళ్లందరికీ వాసన తెలుసు. అందరూ ముందుకే చూస్తున్నారు. మర్యాద!

నేను అపిసలోమెను గుమ్మం దగ్గర పట్టుకున్నాను. "డాక్టరుగారూ, ఆ చివర కూర్చున్నావిడ మా అక్క. ఆవిడ కాలు చూడమని మీ నర్సుకు చెప్పండి."

"పాదాలు మా ప్రాజెక్టులో లేవన్నా," అన్నాడు, చాలా మెత్తగా. "పాదాలకి వేరే గ్రాంటు. వచ్చే ఏడు వస్తుందేమో."

"కాలు వచ్చే ఏడుదాకా ఆగుతుందా?"

"ఆవిడే స్వయంగా చెబితే వేరు. వాళ్లంతట వాళ్లు చెప్పందే మేం అడగకూడదు. రూల్సన్నా. మీరే చెప్పించండి."

"నేను తోడబుట్టినవాణ్ణి. నువ్వీ గడ్డ మీద పుట్టినవాడివే కదా, నేను మాట్లాడకూడదని నీకు తెలీదూ?"

"తెలుసు, తెలుసు. దాన్ని కూడా మేం గౌరవిస్తాం," అని నా భుజం తట్టి కెమెరా వైపు పోయాడు.

ఆ తట్టిన చోట ఏదో అంటుకున్నట్టనిపించింది. నర్సు సామాను సర్దుతోంది. వీళ్లు వెళ్లిపోతే అక్క ఆ గుడ్డ మళ్లీ బిగించి కట్టుకుంటుంది. ప్రొఫెసరమ్మ లేచి కృతజ్ఞతలు చెబుతోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. అక్క కూడా కొడుతోంది. జ్వరంతో ఆమె మొహం నూనె పూసినట్టు మెరుస్తోంది.

నేను సావిడి మధ్యకు వెళ్లాను.

"అక్కా, నీ కాలు చూపించు."

చప్పట్లు ఆగిపోయాయి. ఒక ముసలావిడ విసనకర్రతో మొహం కప్పుకుంది. ఊరిపెద్ద, "సులియాసీ!" అని నన్ను పేరు పెట్టి గద్దించాడు. అక్క తల ఎత్తలేదు. ఆమె చెవులు ఎర్రబడటం కనిపించింది. నేను అందరిముందూ ఆమె బట్ట లాగినా అంత సిగ్గుపడేది కాదు.

"అక్కా, నీకే చెబుతున్నా. గుడ్డ విప్పు."

ఆమె లేచి బయటికి పోబోయింది. మడమ మీదే నడిచింది. నేను ఒక అడుగు వేశాను. బావ అడ్డొచ్చి నా గుండె మీద చెయ్యి పెట్టాడు. నలుగురిలో ఆ మనిషి మొహంలో నవ్వు లేకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు కాదు," అన్నాడు. "ఇక చాలు. మిగతాది నాది."

పెళ్లాన్ని చాప మీద కూర్చోబెట్టి, తనే మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ విప్పాడు. లోపల అరిటాకు చుట్టి ఉంది. ఆకు ఊడివస్తే దాంతోపాటు ఏదో ఊడివచ్చింది. బొటనవేలు, దాని పక్క వేలు కాలిన కట్టెల్లా నల్లగా ఉన్నాయి. వాటి మధ్య తెల్లటివేవో కదిలాయి. సావిట్లో ఎవరో వాంతి చేసుకున్నారు.

ప్రొఫెసరమ్మ ముక్కు మూసుకుని అపిసలోమెతో ఇంగ్లీషులో మాట్లాడింది. హోటల్ ఇంగ్లీషు నాకు వచ్చని ఆమెకు తెలియదు. ఇంతకాలం అక్కకు ఎంత నొప్పి పుట్టిందో అని అడుగుతుందేమో అనుకున్నాను. "ఈవిణ్ణి లెక్కలోంచి తీసెయ్యాలి. పాత రీడింగులు కూడా పనికిరావు," అంది. అపిసలోమె తల ఊపాడు. కెమెరావాడు మాత్రం కెమెరా ఆపలేదు.

కారులో చోటు లేదన్నారు, మిషన్లున్నాయన్నారు. బావ ఆ మిషన్లెత్తి సావిడి మెట్ల మీద పెట్టాడు. అప్పుడు చోటు వచ్చింది. అక్కను ఎక్కించే ముందు వాళ్లు సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచారు. రెండు మడతలు వేసి మరీ పరిచారు.

పట్నం పెద్దాసుపత్రిలో అక్క సగం పాదం తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మోకాలిదాకా పోయేదని అక్కడి సర్జను చెప్పాడు. నేను చేసిన తప్పుకు మా పెద్దలు ఆనవాయితీ ప్రకారం తిమింగలం దంతం పట్టుకెళ్లి బావ ఇంటివాళ్ల ముందు పెట్టి క్షమించమన్నారు. వాళ్లు పుచ్చుకున్నారు. అయినా ఊళ్లో కొందరు నన్ను చూసి దారి మారుస్తూనే ఉన్నారు. మారిస్తే మార్చుకోనీ.

ఆసుపత్రిలో నేను గది మూల, గోడకేసి తిరిగి కూర్చునేవాణ్ణి. బావ మంచం పక్కన ఉండేవాడు. ఒక మధ్యాహ్నం పళ్లబుట్ట పట్టుకుని అపిసలోమె వచ్చాడు.

"అమ్మా, మీరు ధైర్యవంతులు," అని మొదలుపెట్టాడు. ఆ రోజు సావిట్లో తీసిన వీడియో గురించి వచ్చాడు. తమ చదువుల శాఖకు అదొక పెద్ద ఫలితమట. తమ పాఠాల వల్లే ఒక తమ్ముడు ఆరోగ్యం కోసం తరాల కట్టుబాటు దాటాడట. మెల్‌బోర్న్‌లో పెద్ద సభ ఉందట, అక్కడ చూపిస్తారట. అక్క సరేనంటే చాలు. "ఆగిపోయిన ట్యాంకు సంగతి కూడా ప్రొఫెసరుగారితో మళ్లీ మాట్లాడతాను," అన్నాడు చివర్న.

నేను గోడకేసి చూస్తూ పటపటా పళ్లు కొరుక్కున్నాను. వాడి బిస్కట్టుకు, వాడి కంచం బొమ్మలకు, నేను నోరు తెరవడానికి ఏం సంబంధం? నా సిగ్గు కూడా వాడి ఖాతాలోకే పోవాలా? అక్క ఏమంటుందో నాకు తెలుసు. వినాక అంటుంది. పుట్టి బుద్ధెరిగాక అతిథికి ఆమె ఇంకో జవాబు చెప్పి ఎరగదు.

"నన్ను లెక్కలో వేస్తారా?" అంది అక్క.

"ఏంటమ్మా?"

"ఆ బిస్కట్లు ఊళ్లో నేనొక్కదాన్నే తిన్నా. మిగతావన్నీ పందులు తిన్నాయి. నన్ను లెక్కలో వెయ్యండి. అప్పుడు మీ సినిమా చూపించుకోండి."

అపిసలోమె కాసేపు బుట్టలో పళ్లు సర్దాడు. "అది కుదరదమ్మా. డేటా శుభ్రం చేసేశాం."

"శుభ్రం చేశారా," అంది అక్క. "అయితే నేను మురికినా?"

"అలా కాదమ్మా, అది సాంకేతికంగా అనే మాట..."

"చూపించొద్దు. ట్యాంకు మీ ఇంట్లో పెట్టుకోండి."

అపిసలోమె ఇంకా ఏదో నసిగాడు. బావ లేచి బుట్ట వాడి చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యేసి గుమ్మందాకా నడిపించాడు. తిరిగొచ్చాక అక్క గొంతు వినబడింది. బావతోనే మాట్లాడుతోంది, కానీ గది మొత్తానికీ వినబడేట్టు.

"ఆ మూల కూర్చున్నాయనకి చెప్పు. ఇంకోసారి నా కాలు సంగతి నలుగురిలో అరిస్తే, మిగిలిన కాలితో తంతానని."

"విన్నావురా?" అన్నాడు బావ. "ఇది తంతే ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. జాగ్రత్త!"

బావ టీ తేవడానికి బయల్దేరాడు. ఆయన లేకుండా నేను ఆ గదిలో ఉండకూడదు కనుక నేనూ వెంటే లేచాను. వరండాలో అపిసలోమె ఇంకా పోలేదు. గోడకున్న సీసా నొక్కుకుని చేతులకు మందు రుద్దుకుంటున్నాడు, మోచేతులదాకా. లోపల అక్కతో చెయ్యి కూడా కలపలేదు వాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఆవిడ కోపంలో అన్నారు. మీరొక్క మాట చెబితే వింటారు. ఒక్కసారి చెప్పి చూడండి."

వాడి చేతుల మందు వాసన నా ముక్కుకు తగిలింది. అక్క కాలి వాసన దీనికన్నా నయం.

"ఆవిడతో నేను మాట్లాడకూడదు," అన్నాను. "కట్టుబాటు. మీరు గౌరవిస్తారు కదా."