తుండు కింద మాట

నేను ఒక తుండుగుడ్డను. మొహం తుడుచుకునే రకాన్ని కాదు, తలకు చుట్టుకునే రకాన్నీ కాదు. ఎద్దుల సంతలో దళారి భుజం మీద ఉండే తుండును. ఇప్పుడు ఒక గోదాము గేటు దగ్గర మేకుకు వేలాడుతున్నాను. వచ్చిన లారీల అద్దాలు నాతోనే తుడుస్తారు. నవ్వకండి. ఒకప్పుడు నేను ఎవరి చేతుల మీద పడితే వాళ్ళు నిజం చెప్పేవాళ్ళు. ఈ చుట్టుపక్కల ఏ కోర్టుకుందండీ ఆ గొప్ప?

నన్ను నేసింది ఓబుళమ్మ అనే మనిషి. ఆమెకు పలుచని గుడ్డ నేయడమంటే చిరాకు. "దోమతెర కావాలంటే పట్నంకి పొమ్మను" అనేది. ఆ దళసరితనమే నా తలరాతను మార్చింది. అయితే సంతకు చేరేముందు నేను రాజకీయాల్లోకీ ఒకసారి వెళ్ళొచ్చాను. ఎన్నికల రోజుల్లో ఒక నాయకుడి మెడలో నన్ను వేసి ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆయన నన్ను గుండెకు హత్తుకుని "ఈ ఊరి రుణం ఈ జన్మలో తీరదు" అన్నాడు. కళ్ళు కూడా చెమ్మగిల్లాయి పాపం. ఊరి పొలిమేర దాటకముందే సీటు మీద దుమ్ము తుడవమని డ్రైవరు మీదికి విసిరాడు. ఆ డ్రైవరు నన్ను సంతలో బాలనాగమ్మకిచ్చి, తన దూడకు ఒక గంట తీసుకున్నాడు.

బాలనాగమ్మ సంతలో ముకుతాళ్ళు, పలుపులు, గంటలు అమ్మేది. నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, అటుపక్క ఏమీ కనబడకపోయేసరికి మౌలాలిని కేకేసింది.

"అనా, ఇది తీసుకో. బాగా మందంగా ఉండాది. నీ పనికి ఇట్లాంటిదే కావల్ల."

అట్లా నేను దూదేకుల మౌలాలి భుజమెక్కాను. నలభై ఏళ్ళుగా ఆ సంతలో బేరాలు కుదిర్చే మనిషి. తెల్ల మీసం, సన్న గొంతు, ఎద్దు పళ్ళు చూడకుండానే వయసు చెప్పే కన్ను. మా సంతలో బేరం నోటితో చెయ్యరు. కొనేవాడిదో అమ్మేవాడిదో చెయ్యి, దళారి చెయ్యి కలుస్తాయి, వాటిమీద నన్ను కప్పుతారు. ఏ వేలు పట్టుకున్నారు, ఎన్ని పట్టుకున్నారు, ఎంత గట్టిగా నొక్కారు అన్నదే ధర. చుట్టూ యాభైమంది నిలబడినా ఎవరికీ తెలియదు. దీనికొక కట్టుబాటుంది. తుండు కింద మాట దళారి బయట పెట్టకూడదు. అంతేకాదు, దానికి ఎదురుమాట కూడా పైకి చెప్పకూడదు. చెప్పినవాడికి మళ్ళీ ఎవరూ చెయ్యివ్వరు.

ఈ మనుషుల తమాషా అంతా నా కిందే చూశాను. సుంకన్న అని మౌలాలికి చిన్ననాటి స్నేహితుడు, రెండు జతల ఎద్దుల రైతు. పైన నోటితో "అయ్యో దేవుడా, నా కోడెను మన్ను ధరకు అడుగుతాండారు, నన్ను నిలువునా ముంచుతాండారు" అని ఏడుపు. కింద వేళ్ళు మాత్రం హాయిగా ఒప్పేసుకుంటూ ఉండేవి. టీ అంగడి దగ్గర కూడా అంతే. టీవీ వాళ్ళొచ్చి మైకు పెడితే "అంతా బాగుండాది సార్, మా ఊరికి అన్నీ వస్తాండాయి" అనేవాళ్ళు. వాళ్ళ బండి కదలగానే "ఎవడొస్తే మనకొరిగేదేముంది, శనక్కాయలకు ధరుందా, సంతలో ఎద్దుకు ధరుందా" అని నిట్టూర్చేవాళ్ళు. వారం తిరిగేసరికి ఇంకో పార్టీవాళ్ళ ముందు ఇంకో మాట. మౌలాలి నవ్వి ఊరుకునేవాడు. "నోరు పెట్టిందే అబద్దం చెప్పనీకి సుంకా. చెయ్యి మటుకు చెప్పల్యాదు" అనేవాడు. ఆ నమ్మకమే ఆయన్ను తినేసింది.

సంత చిక్కిపోతూ వచ్చింది. ఇంటింటికీ ట్రాక్టరు వచ్చింది, కర్ణాటక బేరగాళ్ళు రావడం మానేశారు, కొన్ని వారాలైతే ఎద్దులకన్నా దళారులే ఎక్కువ కనబడేవాళ్ళు. అప్పుడే వచ్చింది ఆ కబురు. సంతబయలు తీసుకుని గోదాములు, ముందువైపు వరసగా షాపు గదులు కడతారట. దానికి ముందు ఒక అధికారిణి వచ్చి ప్రజాభిప్రాయ సేకరణ చేస్తుందట. ఊరు వద్దంటే ఆగిపోతుంది, ఊరు సరేనంటే మొదలవుతుంది.

టీ అంగడి భగ్గుమంది. "సంత పోతే మా పానాలు పోయినట్టే" అని సుంకన్న బల్ల గుద్దాడు. "నా తల్లి ఈడే పలుపులమ్మింది, నేనూ ఈడే అమ్ముతా, యా గోదాము వచ్చేది సూస్తా" అంది బాలనాగమ్మ. మౌలాలికి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. సంత పోతే ఆయనకు పోయేది కూడొక్కటే కాదు. ఆ బయల్లో ఆయన పెద్దమనిషి. బయటైతే పని చేతకాని ముసలాడు.

ఒకరోజు ఊరి ప్రెసిడెంటు మౌలాలిని పక్కకు పిలిచి గుసగుసలాడాడు. "నువ్వు అడ్డం చెప్పకుంటే నీకొక గది రాపిస్తా మౌలాలీ. నీకు మాత్రమే చెప్తాండా, ఎవురికీ చెప్పొద్దు." మౌలాలి చేతులు జోడించాడు. "నాకు గదెందుకు సామీ, నాకు బయలు కావల్ల." ఇదే గుసగుస ఊళ్ళో ఎన్ని చెవుల్లో పడి ఉంటుందో అన్న అనుమానం ఆ పిచ్చి మారాజుకు రాలేదు. నాకు వచ్చింది కానీ గుడ్డ మాట ఎవరు వింటారు?

ఆయన భయం వేరే. ప్రెసిడెంటు ఎదుట నిలబడి వద్దనడానికి జనం జంకుతారేమో అని. అందుకని ఒక ఉపాయం పన్నాడు. సభకు ముందు వచ్చిన సంతరోజున ఒక్కొక్కర్నే కూర్చోబెట్టి నన్ను కప్పాడు.

"నోటితో ఏమీ చెప్పాకండి. సంత ఉండల్లంటే నా బొటనవేలు పట్టండి. పోయినా పర్వాల్యాదంటే చిటికెనవేలు. ఇది నాకూ మీకూ మద్దెన."

మొదట సుంకన్న కూర్చున్నాడు. పైకి "ఇది అడగల్లనా మౌలా" అన్నాడు. కింద చెయ్యి కాసేపు తచ్చాడి, మెల్లగా చిటికెనవేలు పట్టుకుంది. మౌలాలి వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. పొరపాటేమో అని ఆగాడు. పట్టు సడలలేదు. తర్వాత బాలనాగమ్మ. ఆమె అరచెయ్యి తాళ్ళు పేని పేని గరుకెక్కి ఉంటుంది, ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. అదీ చిటికెనవేలే పట్టుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా అంతే. బొటనవేలు ముట్టుకున్నవాడు ఒక్కడు లేడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

వాళ్ళను చెడ్డవాళ్ళనడానికి నాకు నోరు రావడం లేదు. ప్రతివాడిదీ ఒకటే లెక్క. మిగతా ఊరంతా బొటనవేలు పట్టుకుంటుంది, నా ఒక్కడి చిటికెనవేలుతో సంతకేమీ కాదు, ఒకవేళ సంత పోయినా ప్రెసిడెంటు మాటిచ్చిన గది నాకుంటుంది అని. సంతను కాపాడే పని ఎదుటివాడికి వదిలేశారు. ఎదుటివాడూ అదే పని చేశాడని ఒక్కరికీ తెలియదు. తెలిసింది మౌలాలికీ నాకూ. ఆ సాయంత్రం ఆయన నన్ను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మొహం తుడిచే రకాన్ని కాదన్నానే, ఆ ఒక్కరోజు అదీ అయింది.

సభరోజు షామియానా కింద ఊరంతా కూర్చుంది. అధికారిణి మంచి మనిషిలాగే ఉంది. అడిగీ అడగకముందే సుంకన్న లేచాడు. "సంత మా కన్నతల్లి మేడం! ఇయ్యం!" జనం హోరెత్తారు. కేకలన్నీ అయ్యాక ఆమె నెమ్మదిగా అంది.

"ఇలాంటి కేకలు నేను చాలా ఊళ్ళలో విన్నానండీ. తర్వాత వాళ్ళే వచ్చి మా గదులెప్పుడిస్తారని అడుగుతారు. నాకు నిజం కావాలి. మీకు నిజంగా సంతే కావాలంటే, గోదాములు వద్దనే రాస్తాను."

బాలనాగమ్మ చటుక్కున లేచింది. "మా మౌలన్ననడగండి మేడం! తుండు కింద అందరి చేతులూ పట్టి అడిగినాడు. ఆయనెప్పుడూ అబద్దం చెప్పడు. ఆయనేమంటే అదే మా ఊరి మాట!"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో ఎంత నమ్మకమో! మిగతావాళ్ళంతా సంతవైపే ఉన్నారని, తను ఒక్కతే దొంగ అని ఆమె అనుకుంటోంది. ఊరంతా "అవును, మౌలన్న చెప్పల్ల" అంది. అందరూ అట్లాగే అనుకుంటున్నారు మరి.

మౌలాలి లేచాడు. ఒక్క మాట చాలు. "ఉండల్ల మేడం" అంటే సంత నిలిచేది. కానీ అది తుండు కింద మాటకు ఎదురుమాట. నిజం చెబుదామంటే, కింది మాట బయట పెట్టినట్టు. నలభై ఏళ్ళలో ఆ రెండూ చెయ్యలేదాయన. నన్ను భుజం మీంచి తీసి చేతుల్లో నలిపాడు. పెదవులు కదిలాయి. ఊరంతా ఆయన మొహంకేసి ఆశగా చూసింది. చెప్పొద్దూ, నేను కూడా ఆయన అబద్ధమాడాలనే కోరుకున్నాను. ఒక్క అబద్ధం మౌలాలీ, ఒక్కటంటే ఒక్కటి! నిన్ను సాకిన సంత కోసం ఆడకపోతే ఇంకెందుకయ్యా నీ నోరు? ఆయన ఆడలేదు. నన్ను మళ్ళీ భుజాన వేసుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

అధికారిణి ఆయన్ను చాలాసేపు చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది.

ఆ ఏడే బయలుకు కంచె పడింది. ఇక ఊరి అభిప్రాయం వినండి. "మౌలాలి ఒక్క మాట చెప్పింటే సంత ఉండేది." "వానికి గది ఇచ్చినారంట, అందుకే నోరు మూసుకున్యాడు." ఇది అన్నది పరాయివాళ్ళు కాదు, చిటికెనవేలు పట్టుకున్న చేతులవాళ్ళే. అంటూ అంటూ వాళ్ళే నమ్మేశారు కూడా. బాలనాగమ్మ దారిలో కనబడితే మొహం తిప్పుకునేది. చివరికి గదులు వాళ్ళెవరికీ రాలేదు. పట్నం నుంచి వచ్చిన ఎరువుల వాళ్ళకూ సెల్‌ఫోను వాళ్ళకూ పోయాయి. ప్రెసిడెంటు "పైనుంచి ఒత్తిడప్పా, నేనేం చేసేది" అన్నాడు.

మౌలాలి మాత్రం సంతరోజు వస్తే చాలు, నన్ను భుజాన వేసుకుని వచ్చి గోదాము గేటు పక్కనున్న రాతి మీద కూర్చునేవాడు. బేరం లేదు, పలకరింపు లేదు. ఒకరోజు సుంకన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పటికి ఎద్దులమ్మేశాడు. ఇద్దరి ఎదుటా గోదాము.

"గట్టిగానే కట్టినార్లే" అన్నాడు సుంకన్న.

"ఊ" అన్నాడు మౌలాలి.

భుజం నుంచి జారి మౌలాలి చేతి మీద పడి ఉన్న నా కిందికి సుంకన్న చెయ్యి వచ్చింది. తడుముతూ వెతికింది. మౌలాలి బొటనవేలు దొరికించుకుని, ఎముక నొచ్చేంత గట్టిగా పట్టుకుంది. పైన ఇద్దరి కళ్ళూ గోదాము మీదే ఉన్నాయి. మౌలాలి తన చేతిని వెనక్కి తీసుకోలేదు, తిరిగి నొక్కనూ లేదు. కొంతసేపటికి మెల్లగా విడిపించుకుని, నన్ను ఆ రాతి మీదే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ సంతరోజూ రాలేదు. సుంకన్న కూడా నన్ను ముట్టుకోలేదు. వాచ్‌మన్ తీసి మేకుకు తగిలించాడు.

ఇప్పుడు ఎన్నో చేతులు నన్ను పట్టుకుంటాయి, దుమ్ము తుడిచి వదిలేస్తాయి. నా కిందికి మాత్రం ఎవరి చెయ్యీ రాదు.