గుంటలో తేటనీళ్లు

కుప్పం దగ్గరి మా గనిలో రాయిని యాసిడ్ నీళ్లతో తడిపి రాగి తీస్తారు. తీశాక మిగిలిన పసుపుపచ్చ నీళ్లు ఒక గుంటలో నిలుస్తాయి. ఫోన్లకూ ఫ్యాన్లకూ అయస్కాంతాలు చేసే అరుదైన లోహాలు వాటిలో కాస్త ఉంటాయి. వాటిని పట్టి చూపించడమే నా పని. సోమవారం హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి యమున మేడం వచ్చేలోగా చిటికెడు పొడైనా చూపించకపోతే ఆ పని మూసేస్తామన్నారు. మా ఇంట్లో కాలేజీకి పోయినవాణ్ని నేనొక్కణ్నే. ఇది పోతే మళ్లీ మా తంబళ్లపల్లెలో వేరుశనక్కాయల సేద్యమే.

లోహాన్ని పట్టే రెసిన్ గింజలు మదనపల్లెకు పార్సిల్ వస్తాయంటే బుధవారం పోయాను. అది ఆలస్యమై, ఆదివారం తిరిగొచ్చేసరికి గుంటలో నీళ్లు తేటపడి అడుగు కనబడుతోంది. గట్టు పొడవునా ముగ్గుపిండి గీతలు. మేనేజర్ ఉమాశంకర్ గారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"సూడు మునిశేఖరా, ఎట్లుండాదో! పెద్దోళ్లొస్తే ఆ పాచినీళ్లు సూపిస్తామా? ట్రాక్టర్లతో సున్నం తెప్పించి గుంటలో పోయించినా."

"సార్, సున్నం పడితే లోహాలన్నీ బురదలో కలిసి అడుక్కు పోతాయి. ఆ బురదన్నా ఉంటే..."

"బురద యాడుండాదప్పా? అదీ తోడించేస్తిని. నేనేమన్నా సోమరోణ్నా?"

ట్రాక్టర్ మీది రెడ్డెప్ప నవ్వాడు. "ఆ బురదతోనే పుంగనూరు రోడ్డు గుంతలన్నీ పూడ్సేసినాంలేప్పా. మేడం కారు కుదుపు లేకుండా వస్తాది."

నేను గుంటనీళ్లు పట్టి విడిగా దాచుకున్న క్యాన్లు కూడా శుభ్రంగా కడిగి బోర్లించారు. కొత్త నీళ్లు రాకుండా పంపులు ఆపేశారు.

సోమవారం మేడం వచ్చారు. "ఏదీ మీ పొడి?" అన్నారు.

"మీరొచ్చిన రోడ్డు మీదే ఉంది మేడం," అన్నాను. ఉన్నమాట అది. ఆమె జోక్ అనుకుని హాయిగా నవ్వారు. తర్వాత గుంట గట్టున చాలాసేపు నిలబడి, ఇంత తేటనీళ్లు ఏ గనిలోనూ చూడలేదని ఫోటోలు తీసుకున్నారు.

లోహాల పని మూసేశారు. నన్ను మాత్రం తీసెయ్యలేదు. గుంటలో నీళ్లు తేటగా ఉంచే బాధ్యత ఇచ్చారు.

"వానలు పడతాండాయి, రాళ్ల మీంచి పచ్చనీళ్లు మళ్లా దిగుతాయి. సున్నం రెండు లోడ్లు చెప్పేదా?" అని ఉమాశంకర్ గారు అడిగారు.

నేను లెక్క కట్టి, మూడు కావాలన్నాను.