తనది కాని సాక్ష్యం

విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో ప్రేమలత, భాగ్యలక్ష్మి పక్కపక్కనే నిలబడి పనిచేసేవారు. ఒకరు ట్రేలో అన్నం డబ్బా పెడితే, ఇంకొకరు చెంచా, ఉప్పు పొట్లం సర్దేవారు. ప్రేమలతది శంషాబాదే. వయసులో చిన్నదైన భాగ్యలక్ష్మి మహేశ్వరం దగ్గరి ఊరి నుంచి కంపెనీ బస్సులో వచ్చేది.

ప్రేమలత క్రైస్తవురాలని అక్కడ అందరికీ తెలుసు. తినేముందు కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకునేది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకు సంబంధం కుదరకపోయినా "నేను ప్రార్థన చేస్త" అనేది. కొందరు ముసిముసిగా నవ్వేవారు. భాగ్యలక్ష్మి మాత్రం "మా ఆయన కోసం గూడ చెయ్యక్కా" అనేది.

ఆమె భర్త జగదీశ్. వాళ్ల చెలక భూమి ఇళ్ల ప్లాట్లకు పోయినప్పటి నుంచి అతనికి చేతినిండా పని లేదు. ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాలీలు తోసే పనికి చేరి, కొన్నాళ్లకే మానేశాడు. తర్వాత్తర్వాత మాట్లాడటమే తగ్గించేశాడు.

ఒకరోజు భాగ్యలక్ష్మి పనికి రాలేదు. మధ్యాహ్నం ప్రేమలతకు ఫోన్ చేసింది.

"అక్కా, జర దవాఖానకు రావా? నాకు భయమైతుంది."

ప్రేమలత ఏప్రాన్ విప్పి, సూపర్‌వైజర్‌ను బతిమాలి, ఆటో ఎక్కింది. వార్డు బయట బల్ల మీద భాగ్యలక్ష్మి ఒక్కతే కూర్చుని ఉంది. ప్రేమలతను చూడగానే చెయ్యి పట్టుకొని గుసగుసగా చెప్పింది.

"పురుగుల మందు తాగిండక్కా. ఊర్ల కడుపునొప్పని చెప్పినం. మా అత్తకు గూడ గట్లనే చెప్పినం. తెలిస్తే ఆమె బతకదు. నీకొక్కదానికే చెప్తున్న."

"ఎవ్వరికీ చెప్ప" అంది ప్రేమలత.

"మీ దేవునికి మొక్కక్కా. ఎవరైతేంది, ఆయన బతికితే చాలు."

ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ప్రేమలత ఏడుస్తూనే ప్రార్థన చేసింది. సాయంత్రానికి జగదీశ్ కళ్లు తెరిచాడు. కొన్నాళ్లకు ఇంటికి వెళ్లాడు. భాగ్యలక్ష్మి మళ్లీ పనికి వచ్చిన రోజున "మీ దేవునికి దండం పెడ్త అక్కా" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టర్ రాజశేఖర్ గారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుకు రమ్మన్నారు. ప్రేమలత ఎన్నో ఏళ్లుగా ఆ చర్చికి వెళ్తున్నా మైకు ముందుకు ఎప్పుడూ పోలేదు. ఆ రోజు పోయింది. ఒక చెల్లెలి భర్తకు బాగోలేకపోతే ప్రార్థన చేశాను, బాగయ్యాడు అని చెప్పి దిగిపోదామనుకుంది. కానీ జనం నిశ్శబ్దంగా వింటున్నారు. ముందు వరసలో ఒకామె కళ్లు తుడుచుకుంది. ఎవరో "ఆమేన్" అన్నారు. ఆ మాటతో ప్రేమలత గొంతు పెరిగింది. తనతోపాటు ట్రేలు సర్దే చెల్లె అని చెప్పింది. మహేశ్వరం దిక్కు ఊరంది. విషం తాగాడంది. డాక్టర్లు ఆశ వదులుకున్నారంది, వాళ్లు ఆ మాట అననేలేదు. చివరికి, "ఆ చెల్లె ఇప్పుడు యేసయ్యే నిజమైన దేవుడని ఒప్పుకున్నది. జల్దీనే బాప్తిస్మం తీసుకుంటది!" అనేసింది.

హాలంతా చప్పట్లు. పాస్టర్ గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించారు. ఆ వారమంతా ఆమె మనసు తేలిపోతూనే ఉంది.

చర్చివాళ్లు ఆ సాక్ష్యాన్ని వీడియో తీసి ఫోన్లలో పంపారు. ఒకరి నుంచి ఒకరికి పోయి, అది భాగ్యలక్ష్మి ఊరికీ చేరింది.

వంటశాలలో చేతులు కడుక్కునే చోట భాగ్యలక్ష్మి ప్రేమలతను ఆపింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"ఎందుకు చెప్పినవక్కా?"

ప్రేమలతకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తడి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంది.

"నీ పేరు చెప్పలే భాగ్యా..."

"పేరొక్కటే తక్కువ. మా అత్త చూసింది. కొడుకు మందు తాగిండని ఫోన్ల చూసి కూలబడ్డది. నేను మతం మారిన్నని ఇంట్ల నీళ్లు గూడ ముట్టనిస్తలేదు. నేనెప్పుడు ఒప్పుకున్ననక్కా? బాప్తిస్మం తీసుకుంటనని నీకెప్పుడు చెప్పిన?"

పంపు నీళ్లు పోతూనే ఉన్నాయి. భాగ్యలక్ష్మి పంపు కట్టేసి వెళ్లిపోయింది. మరుసటి రోజు నుంచి వేరే వరసలో నిలబడింది.

ఇంటికి వెళ్లాక ప్రేమలత ఆ వీడియో పెట్టుకొని చూసింది. అప్పటిదాకా చూడలేదు. "విషం తాగిండు" అంటున్నప్పుడు తన మొహం వెలిగిపోతోంది. దవాఖానలో ఏడ్చిన మనిషి కాదు ఆమె. పెళ్లిలో ఫొటోకు నిలబడ్డ మనిషిలా ఉంది. ప్రేమలత ఫోన్ బోర్లా పెట్టేసింది. ప్రార్థన చేద్దామని మోకరిస్తే, తన గొంతు తనకే వినబుద్ధి కాలేదు.

పాస్టర్ గారి దగ్గరికి పోయి వీడియో తీసేయమంది.

"అమ్మా, అది ఎంతమందికి ఆశీర్వాదకరంగా ఉందో తెలుసా? సాతాను నిన్ను భయపెడుతున్నాడు" అన్నారాయన.

"సాతాను కాదు అయ్యగారూ, నేనే. బాప్తిస్మం ముచ్చట అబద్ధం. మిగిలింది నేను చెప్పాల్సింది కాదు."

 ఆయన తలదించుకొని, "నేనూ ఒక్క మాట అడిగి ఉండాల్సింది" అన్నారు.

తర్వాతి ఆదివారం ప్రేమలత మళ్లీ మైకు ముందుకు వెళ్లింది. వివరంగా చెప్పబోతే మళ్లీ భాగ్యలక్ష్మి సంగతే చెప్పాల్సి వస్తుంది. అందుకే కొన్ని మాటలే చెప్పింది: "మొన్న ఇక్కడ నేను అబద్ధం చెప్పిన. ఒకామె నమ్మి చెప్పిన మాట బయటపెట్టిన. వీడియో మీ ఫోన్లల్ల ఉంటే తీసేయుండ్రి." ఎవరూ ఆమేన్ అనలేదు. ఆమె ఎవరి మొహమూ చూడకుండా దిగి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ప్రేమలత భాగ్యలక్ష్మి వాళ్ల ఊరికి వెళ్లింది. గడప దగ్గర అత్త ముత్తమ్మ అనపకాయలు ఒలుస్తోంది. లోపల మంచం మీద జగదీశ్ ఉన్నాడు. ప్రేమలతను చూసి భాగ్యలక్ష్మి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నువ్వేనా?" అంది ముత్తమ్మ. "నా కొడుకు సావబోయిండని నేను ఫోన్ల చూసి తెలుసుకోవాల్నా బిడ్డా?"

ప్రేమలత చెప్పులు విడిచి కింద కూర్చుంది. "తప్పు చేసినమ్మా. నీ కోడలు ఏ మతంల కలువలే. గా ముచ్చట నేను అబద్ధమాడిన. ఆమెను ఏమనకు."

"ఎందుకాడినవ్?"

ఆ ప్రశ్నకు దారిపొడుగునా ఏవేవో జవాబులు అనుకుంటూ వచ్చింది. అవన్నీ వదిలేసింది.

"నలుగురు మెచ్చుకుంటరని."

ముత్తమ్మ చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. అప్పుడు జగదీశ్ లేచి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"నువ్వు ప్రార్థన చేసినందుకు నాకు కోపం లేదక్కా. అసొంటి టైంల మా దిక్కెవ్వరు రాలే, నువ్వొచ్చినవ్. గని ఇప్పుడు చాయ్ తాగుదామని పోతే అందరు నా మొఖమే చూస్తున్నరు. నా ముచ్చట నేనే ఇంకా ఎవ్వరికీ చెప్పుకోలే. నాకంటే ముందు నువ్వు చెప్పినవ్."

ప్రేమలత తలవంచుకొనే లేచింది. వచ్చేటప్పుడు వంటింటి వైపు చూసి "పోతున్న భాగ్యా" అంది. లోపల గిన్నెల చప్పుడు ఒక్కక్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత వంటశాలలో ఎవరైనా కష్టం చెప్పుకుంటే ప్రేమలత వినేది. ప్రార్థన చెయ్యమని అడిగితే చేసేది. నీ దేవుడి గురించి చెప్పమని ఒకరిద్దరు అడిగారు. వాళ్లకు తన సంగతే చెప్పింది, తను చేసిన తప్పుతో సహా. చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

వానాకాలం వచ్చేసరికి పని ఎక్కువై, సూపర్‌వైజర్ ఇద్దరినీ మళ్లీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టాడు. చాలా రోజులు ట్రేల గురించే మాట్లాడుకున్నారు. ఒకరోజు మూతలు బిగిస్తూ భాగ్యలక్ష్మి తనంతట తానే అంది.

"మా అత్త ఇప్పుడు ఆయనను ఒక్కన్ని ఇడిచిపెడ్తలేదు. ఏడికి పోయినా ఎంబడి పోతుంది. నిన్న నవ్విండు."

ప్రేమలత మనసు తేలికపడబోయింది. అందులో తనకేదో వాటా ఉందనిపించబోయింది. వెంటనే ఆమెకు తన మీదే రోత పుట్టింది. "మంచిది" అని మాత్రం అంది.

"ఇంకా ప్రార్థన చేస్తున్నవా మా ఆయన కోసం?"

"చేస్తున్న."

భాగ్యలక్ష్మి ట్రేను ముందుకు తోసింది.

"చెయ్యి. గని చేసిన్నని నాకు గూడ చెప్పకు."