పోవాల్సిన గీత

తిప్పమన్నప్పుడల్లా తిప్పడానికి అదేం ఫ్యాను కాదు. మా రేడియో టెలిస్కోప్ పళ్లెం ఫుట్‌బాల్ మైదానమంత ఉంటుంది. దాన్ని నడిపేది నేను. మామూలుగా నక్షత్రాలను వింటాం. దూరాన పోతున్న అంతరిక్ష నౌక గొంతు మరీ సన్నగిల్లినప్పుడు మాత్రం మమ్మల్ని అరువు అడుగుతారు.

ఈసారి అడగడానికి వచ్చింది మా వదిన. మా అన్నయ్య భార్యగా కాదు, ఆ నౌకకు ఆదేశాలు రాసే ఇంజనీరుగా. మూడు నెలల కిందట ఆమె రాసిన ఆదేశం అందుకున్నాకే నౌక పలకడం మానేసింది. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆమె తనను తానే తిట్టుకుంటూ చిక్కి సగమైంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి వెతకడం ఆపేస్తారు.

మూడుంబావుకి, ఏదో సంకేతం అందుతున్నట్టు, తెర మీద వెంట్రుకంత గీత కనిపించింది.

"అదే," అంది వదిన.

"పోయిన వారమూ అదే అన్నావు. తీరా చూస్తే వాచ్‌మన్ ఫోన్ చార్జర్."

అన్నాక నాలుక కరుచుకున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ.

తేల్చుకోవడానికి మా దగ్గర ఒక పద్ధతుంది. పళ్లాన్ని నౌక వైపు నుంచి కాస్త పక్కకు తిప్పుతాం. గీత అలాగే ఉంటే అది మన చుట్టుపక్కల రొద. మాయమైతే నిజంగా అక్కడి నుంచి వస్తున్నట్టే.

"తిప్పకు," అంది వదిన.

"మళ్లీ పట్టుకుంటాలే. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే కదా."

"అందుక్కాదు. గీత పోకపోతే?"

కానీ అదేమిటో తెలుసుకోవాలని నాకూ ప్రాణం కొట్టుకుంటోంది. మీట నొక్కాను. బయట వేల టన్నుల ఇనుము మూలుగుతూ కదిలింది. వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది.

గీత ఉంది. ఇంకా ఉంది. తర్వాత అది పలచబడింది. చివరికి తెర ఖాళీ అయింది.

ఫోన్‌లో వింటున్న నౌక బృందం పెద్దాయన, "ఏమైందమ్మా?" అని అడిగారు.

"పోయిందండీ," అన్నాను. అవతల చప్పట్లు వినిపించాయి.

"వెనక్కి తిప్పనా వదినా?"

"ఆగు. కాసేపు ఇలాగే చూడనీ."

ఏమీ లేని తెరను అంత తృప్తిగా చూసిన మనిషిని నేనెక్కడా చూడలేదు. పళ్లాన్ని కదపకుండా పక్కనే కూర్చున్నాను.

"అయితే నేను చంపలేదు," అంది వదిన. మూడు నెలల్లో మొదటిసారి నా ముందు ఏడ్చింది.