కళ లేని జెండా

పదకొండేళ్ళుగా జెండాలు కుడుతున్నాను. స్కూళ్ళవి, క్లబ్బులవి, పార్టీలవి. ఎవడు గెలిచినా ఎవడు ఓడినా నా మిషన్‌కి పనే. మా కటింగ్ మాస్టరు నోరు మంచిది కాదు, నాదీ కాదు. నీ కుట్టు కంటే నీ నోరే గట్టిది అంటాడాయన. మీ కత్తెర కంటే నయమే అంటాను. రోజు మొత్తం మీద నాతో మాట్లాడేది ఆయనొక్కడే, అదీ తిట్టడానికి. సాయంత్రం గదికి పోతే పలకరించే దిక్కు లేదు.

దిక్కు లేకుండా చేసుకున్నది నేనే. నాకు ఫిట్స్ వస్తాయి. మందులు వేసుకుంటే అదుపులోనే ఉంటాయిగానీ, మినుకుమినుకుమనే లైటు కంటబడితే చాలు, ముందు ముక్కుకి మాడు వాసన, ఆ తర్వాత బొటనవేలు అదరడం. ఈ సంగతి మా అక్కకి తప్ప ఎవరికీ తెలీదు. నోరు జారితే మిషన్ మీద కూర్చోనివ్వరని ఒట్టు వేయించుకుంది. చనువు పెరిగితే ఎక్కడ కక్కేస్తానో అని మధ్యాహ్నం డబ్బా కూడా ఒక్కదాన్నే తింటాను.

అలాంటి నా దగ్గరికి వికలాంగుల సంఘం ఆర్డరు వచ్చింది. రెండొందల జెండాలు, వాళ్ళందరూ తలెత్తుకుని నడిచే ఊరేగింపుకట. చక్రాల కుర్చీలో ఒకావిడ వచ్చి, కాగితం మీద నమూనా ఇచ్చి ఓపిగ్గా చెప్పింది. నల్లటి గుడ్డ, నిర్లక్ష్యానికీ హింసకీ బలైపోయినవాళ్ళ కోసం. దాని మీద ఏటవాలుగా ఐదు చారలు. ఎరుపు ఒంటి వైకల్యాలకి, పసుపు మెదడు తీరు వేరుగా ఉన్నవాళ్ళకి, తెలుపు బయటికి కనపడని జబ్బులకి, నీలం మనసు బాధలకి, ఆకుపచ్చ చూపూ వినికిడీ లేనివాళ్ళకి. రంగులన్నీ కాస్త వెలిసినట్టే ఉండాలంది. ఆ తెల్లచార నాదే. తలొంచుకుని సూదికి దారం ఎక్కించుకున్నాను.

ఆవిడ వెళ్ళాక మా షాపు ఓనరు పెదవి విరిచాడు. జెండా అంటే అల్లంత దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడాలి, ఇందులో కళేదీ అన్నాడు. వాళ్ళకి మేలు చేద్దామనే, చారల్ని మెరుపుల్లా వంకర్లు తిప్పించి, కళ్ళు చెదిరే రంగులు తెప్పించాడు.

మొదటి జెండా మిషన్ మీద పెట్టాను. ఆ వంకరలు సూది కింద జరుగుతుంటే కళ్ళముందు ఏదో టపటపా వెలిగి ఆరినట్టయింది. మాడు వాసన వచ్చింది. పెడల్ మీంచి కాలు తీసేశాను.

ఆవిడిచ్చిన నమూనా ప్రకారమే కుడదామన్నాను. ఆడలేక మద్దెల ఓడంటోంది అన్నాడు మాస్టరు. వంకర కుట్టు చేతకాక సాకులు చెబుతోందని ఓనరూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. కడుపునొప్పి అని చెప్పి లేచిపోవచ్చు, ఇంకెవరో కుట్టేవాళ్ళు. కానీ రెండొందల జెండాలు ఒక్కసారిగా రెపరెపలాడే వీధిలో నాలాంటివాళ్ళు ఎంతమంది నడుస్తారో! వాళ్ళ ఊరేగింపులో వాళ్ళే రోడ్డు మీద పడి కొట్టుకోవాలా?

"నాకు ఫిట్స్ ఉన్నాయండీ," అన్నాను. "ఇది చూస్తుంటే వచ్చేలా ఉంది. నాకొస్తే వాళ్ళకీ వస్తాయి."

మిషన్లన్నీ ఆగిపోయాయి.

ఓనరు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. అప్పటికప్పుడు వంకరలు విప్పించి, తిన్నని చారలే, వెలిసిన రంగులే వేయించాడు. నన్ను మాత్రం మిషన్ మీంచి లేపేశాడు. సూదితో పని, నీ మంచికేనమ్మా అన్నాడు. ఇప్పుడు మూల బల్ల దగ్గర కూర్చుని జెండాలు మడతలు పెడుతున్నాను. నా మిషన్ మీద వేరే అమ్మాయి కుడుతోంది, చారల అంచులు సరిగ్గా రావడం లేదు. అందరూ నాతో మెత్తగా, పేషెంటుతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. చెప్పకుండా ఉండాల్సింది అనిపిస్తుంది. ఉండలేకపోయేదాన్నని కూడా తెలుసు.

నిన్న కావాలనే ఒక కట్ట మొత్తం తలకిందులుగా మడిచి మాస్టరు ముందు పెట్టాను. చూశాడు. కట్ట విప్పి, తనే మళ్ళీ మడవడం మొదలుపెట్టాడు.

"ఒక్కసారి తిట్టండి మాస్టారూ," అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. నోరు తెరిచాడు.

"మంచినీళ్ళు తాగుతావా తల్లీ?" అన్నాడు.