సంచీ మావ చచ్చే సీన్

ఆ స్టూడియోలో ఆమెని అందరూ గుంపక్క అనేవారు. సూపర్ హీరో బొమ్మల సిరీస్‌లో హీరో పైన ఎగురుతుంటే కింద వీధిలో ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తే జనాన్ని గీయడం ఆమె పని. పిల్లల బొమ్మలు కావవి. పెద్దవాళ్లకి మాత్రమే అని ముందొక హెచ్చరిక పడేసి, ఆ తర్వాత పేగులు బయటికి లాగుతారు. హీరో విసిరిన కారు ఎవరో ఒకరి మీద పడాలి కదా! ఆ ఎవరో ఒకరు గుంపక్క చేతిలో పుట్టేవాళ్లు.

అన్ని మొహాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం? గుంపులు గీసేవాళ్లంతా చేసే పనే ఆమె కూడా చేసింది. మేనత్తని, పళ్ల డాక్టరుని, ఇంటి ఓనరుని ఆ వీధిలోకి దింపేసింది. ఓనరుని బస్సు కింద నలిపిన పూట కడుపునిండా అన్నం తింది కూడా. లారీ కింద పడి చనిపోయిన తమ్ముణ్ణి మాత్రం అక్కడ బతికించుకుంది. భుజాన అడ్డంగా సంచీ, నడుస్తూ మెడ గోక్కునే అలవాటు, అచ్చం వాడే. మేడలు కూలిపోతున్నా వాడు నింపాదిగా సందు మలుపు తిరిగి వెళ్లిపోయేవాడు.

వాడి కోసమే అమ్మ ఆ దిక్కుమాలిన సిరీస్ చూసేది. "తలకాయలు తెగడం అయిందా? వాడొచ్చాడా?" అని అడిగేది. వచ్చాక, "కాస్త ఒళ్లు చెయ్యనివ్వవే వాణ్ణి, పుల్లలా గీస్తావు," అని కూతుర్ని కసురుకునేది.

కొత్త సీజన్ పనులు మొదలైన వారంలో డైరెక్టర్ పిలిచాడు. ఆమెకంటే చిన్నవాడు.

"గుంపక్కా, నీ పంట పండింది! రెండు సీజన్లలోనూ చావని మనిషి ఒక్కడే ఉన్నాడని జనం కనిపెట్టేశారు. సంచీ మావ అని పేరు కూడా పెట్టేసుకున్నారు. వాడి బొమ్మ వేసిన చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు, తెలుసా?"

గుంపక్క పొంగిపోయింది. బతికున్నన్నాళ్లూ వాణ్ణి పట్టించుకున్న నాథుడెవరు?

"అందుకే మొదటి ఎపిసోడ్‌లోనే వాణ్ణి చంపేస్తున్నాం. దగ్గరగా, నిదానంగా. హీరో చేతిలోనే. చూసినవాళ్లు గుండెలు బాదుకోవాలి."

"వద్దు సార్," అంది. "వాడు మా తమ్ముడు. పోయాడు. మా అమ్మ చూస్తుంది."

డైరెక్టర్ నొచ్చుకున్నాడు, అబద్ధమెందుకు. "అయ్యో, నాకు తెలీదక్కా. కానీ పైవాళ్లు ఖాయం చేసేశారు. నీకు కష్టమైతే కొత్త కుర్రాడికిచ్చేస్తాలే."

కొత్త కుర్రాడు అప్పటికే గీసి చూపిస్తున్నాడు. కనుగుడ్లు రెండూ ఎగిరి సంచీలో పడ్డాయి. చుట్టూ నిలబడ్డవాళ్లు పడీపడీ నవ్వారు. గుంపక్క వాళ్లని తోసుకుని ముందుకొచ్చింది. చంపక తప్పదంటే చంపుతుంది గానీ, వాడి చావు చూసి ఈ వెధవలు పళ్లికిలిస్తారా?

"ఇటివ్వు. నేనే గీస్తాను," అంది.

కళ్లు మూయించి, పెదవి చివర సన్నటి నెత్తుటి చార పెట్టి తీసుకెళ్లింది. "నిద్రపోతున్నట్టున్నాడక్కా, చచ్చినట్టు లేదు," అని వెనక్కి పంపాడు డైరెక్టర్. మళ్లీ గీసింది. మళ్లీ అదే మాట.

నిద్రపోతున్నట్టున్నాడని అమ్మకి చెప్పింది కూడా ఆమే. తమ్ముడు పోయిన రోజున అమ్మ ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉంది. కొడుకు చివరి చూపు దక్కలేదు. "మొహం మీద గీత కూడా లేదమ్మా, నిద్రపోతున్నట్టే ఉన్నాడు," అని ఒట్టేసి మరీ చెప్పింది. శవాల గదిలో గుడ్డ తీసి చూసింది తనొక్కతే. ఆ చూసింది ఇన్నేళ్లూ ఒక్క ప్రాణికి చెప్పలేదు.

ఇప్పుడది గీసింది. ఎడమ చెంప లేదు. దవడ పక్కకి జరిగింది. ఒక కన్ను మాత్రం ఏమీ ఎరగనట్టు తెరుచుకునే ఉంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి చప్పట్లు కొట్టారు. "ఎలా ఊహించావక్కా!" అన్నాడు కొత్త కుర్రాడు.

ఇంట్లో మాత్రం, "ఈసారి ఆ వీధే లేదమ్మా, చూడకు," అని చెప్పింది. సీజన్ వచ్చిన రోజు సాయంత్రం గుంపక్క ఇల్లు చేరేసరికి టీవీలో బొమ్మ ఆగి ఉంది. ఆ మొహమే. అమ్మ దాని ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇలాగే ఉన్నాడా?" అంది, తల తిప్పకుండానే.

"బొమ్మమ్మా అది. ఏదో ఊహించి..."

"నోర్ముయ్యి. వాణ్ణి ఊహించి గీస్తే ఇంత ఘోరంగా గీయడానికి నీకు చేతులొస్తాయా?"

గుంపక్క దగ్గర ఇంక అబద్ధం మిగల్లేదు. గోడకి జారబడి కింద కూర్చుంది. "ఇలాగే ఉన్నాడమ్మా," అంది.

అమ్మ ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది, కొడుతుందేమోనని కూడా అనుకుంది. అమ్మ కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.

"ఇన్నేళ్లూ నిద్రపోతున్నాడనే అనుకున్నానే," అంది. "మొదట్నుంచి పెట్టు. వాడు నడిచొస్తాడు చూడు, అక్కణ్ణుంచి."

"వద్దమ్మా."

"పెట్టవే. కన్నదాన్ని నేను."

గుంపక్క లేచి వెళ్లి పెట్టింది.